శ్రీలంకలో ఏ వైపు వెళ్లాలి? ఆగస్టులో తొమ్మిది రోజులు, అమ్మతో, పన్నెండేళ్ల బాబుతో

ఉమ_కాకినాడ | జూన్ 3

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాం. నేను, మా అమ్మ (66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి), మా అబ్బాయి చిన్ను (12). చేతిలో తొమ్మిది రోజులున్నాయి. ఇక్కడి ట్రావెల్ ఏజెంటు రాసిచ్చిన పట్టిక ఇది: కొలంబో ఒక రాత్రి, క్యాండీ ఒకటి, నువర ఎలియ ఒకటి, ఎల్ల ఒకటి, యాల అడవి ఒకటి, గాలె ఒకటి, బెంటోట బీచ్‌లో రెండు. ఎనిమిది రాత్రులు, ఏడు ఊళ్లు.

అమ్మ పట్టిక అంతా చదివి ఒక్కటే అడిగింది: "ఇందులో శాంకరీదేవి గుడి ఎక్కడుంది?" అమ్మ రోజూ పొద్దున్నే అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదువుకుంటుంది. అందులో మొదటి పేరే లంకలోని శాంకరిది. అలంపురం, శ్రీశైలం, ద్రాక్షారామం ఎప్పుడో చూసింది. పిఠాపురం మాకు పక్కనే. ఏజెంటును అడిగితే "ఆ గుడి దారిలో లేదమ్మా, చాలా దూరం" అన్నారు.

చిన్నుకు ఏనుగులు కావాలి. నాకు పచ్చని కొండలూ సముద్రమూ చూడాలని ఉంది. అడ్వాన్సు ఇంకా కట్టలేదు. వెళ్లొచ్చినవారు చెప్పండి, ఈ పట్టిక బాగుందా?

కొలంబో_నివాసి | జూన్ 3

ఉమ గారూ, అడ్వాన్సు కట్టకముందే అడిగి మంచిపని చేశారు. ఆరేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఎవరడిగినా నేను మొదట చెప్పే మాట ఒక్కటే: ముందు మీరు వచ్చే నెల చెప్పండి, ఆ తర్వాత ఊరి పేరు చెబుతాను.

ఈ ద్వీపం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ కన్నా చాలా చిన్నది. ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు సుమారు 430 కిలోమీటర్లు. చిన్నదే కదా అని అందరూ చుట్టి రావాలనుకుంటారు. కానీ నడుమ, కాస్త దక్షిణంగా, రెండున్నర వేల మీటర్ల దాకా లేచిన కొండలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన ఆ కొండలకు పడమటి వైపు, దక్షిణం వైపు కురుస్తుంది. ఆ నెలల్లో తూర్పు తీరం ఎండగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య వాన తూర్పున, ఉత్తరాన పడుతుంది. అప్పుడు గాలె, బెంటోట, మిరిస్స సముద్రం బాగుంటుంది.

మీరు వచ్చేది ఆగస్టులో. మీ ఏజెంటు రాసిన బెంటోటలో ఆ నెల అలలు ఒడ్డు మీద విరుచుకుపడతాయి, ఈతకు దిగొద్దని ఎర్ర జెండాలు పెడతారు. అదే వారం ట్రింకోమలీ దగ్గర నీలావెలి సముద్రం చెరువులా ఉంటుంది, పిల్లలు మోకాళ్ల లోతులో ఆడుకోవచ్చు. మీ అమ్మగారు అడిగిన గుడి ఉన్నది ఆ ట్రింకోమలీలోనే. "దారిలో లేదు" అన్నది నిజమే. అందుకని గుడిని మానుకోనక్కర్లేదు, దారినే మార్చుకోవచ్చు.

ఇంకొకటి. ఇక్కడ దూరాలను కిలోమీటర్లలో లెక్కపెట్టకండి. దక్షిణం వైపు, విమానాశ్రయం వైపు తప్ప వేగంగా వెళ్లే రహదారులు తక్కువ. గంటకు నలభై కిలోమీటర్లు వేసుకుంటే మీ లెక్క సరిపోతుంది. ఎనిమిది రాత్రులకు ఏడు ఊళ్లంటే అమ్మగారు రోజంతా వ్యానులోనే కూర్చోవాలి.

అల_తీరం | జూన్ 4

కొలంబో గారి మాట కాదనను గానీ, నేను రెండేళ్ల క్రితం ఆగస్టులోనే బెంటోట వెళ్లాను. వాన రోజంతా పడదు. మధ్యాహ్నం ఒక జల్లు, తర్వాత ఎండ. సముద్రంలో దిగలేదు, నిజమే. కానీ మాదు గంగలో పడవ మీద మడ అడవుల మధ్య తిరిగాం, చాలా బాగుంది. ఆగస్టు అనగానే ఆ తీరం అంతా మూసేసినట్టు భయపడనక్కర్లేదు.

కొలంబో_నివాసి | జూన్ 4

ఒప్పుకుంటాను. మీరు ఇద్దరు పెద్దలు వెళ్లారు. పన్నెండేళ్ల బాబును తీరానికి తీసుకెళ్లి నీళ్లలో దిగొద్దంటే రెండు రోజులు ఎలా గడుస్తాయి? నా బాధ అది.

చెరువుగట్టు | జూన్ 5

ఉమ గారికి, అమ్మగారికి నమస్కారం. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను, ఊరు వరంగల్. శ్రీలంకకు మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ చెరువుల కోసమే, కొండలకూ బీచ్‌లకూ కాదు. కాబట్టి నా సలహా ఒకవైపు మొగ్గుతుంది.

కొలంబో గారు చెప్పిన వాన లెక్కలోనే ఆ దేశం చరిత్ర అంతా ఉంది. ఉత్తర మధ్య భాగంలో వాన ఏడాదిలో మూడు నాలుగు నెలలే పడుతుంది. మిగతా కాలమంతా ఎండ. అలాంటి చోట అనురాధపురం, పొలొన్నరువ లాంటి రాజధానులు వందల ఏళ్లు నిలిచాయంటే కారణం చెరువులు. సింహళంలో చెరువును "వెవ" అంటారు. మన "బావి"కీ ఆ "వెవ"కూ మూలం ఒకటే, "వాపి". వాళ్లు "ఎల్లంగావ" అనేది మన గొలుసుకట్టు చెరువులే. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి పొలాల మీదుగా మరో చెరువులోకి వెళ్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు పాకాల, రామప్ప కట్టల మీద నడుస్తున్నట్టే అనిపించింది. పొలొన్నరువలో పరాక్రమ సముద్రాన్ని విస్తరించిన పరాక్రమబాహు 12వ శతాబ్దం వాడు. మన రామప్ప ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకు.

ఒక్క చోటే చూడగలిగితే కలా వెవ చూడండి, అనురాధపురం నుంచి దంబుల్ల వైపు వెళ్తుంటే వస్తుంది. 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కట్టించాడు. అక్కడి నుంచి అనురాధపురంలోని తిస్స వెవకు 87 కిలోమీటర్ల కాలువ తవ్వారు. మొదటి పదిహేడు మైళ్లలో దాని వాలు మైలుకు ఆరంగుళాలే. లెవెల్ యంత్రాలతో పనిచేసిన నాలాంటివాడికి ఆ అంకె నిద్ర పట్టనివ్వదు. కొడుకు కాశ్యపుడు రాజ్యం లాక్కుని "నీ సొత్తు చూపించు" అంటే, ధాతుసేనుడు కలా వెవలోకి దిగి దోసిట నీళ్లు పట్టి "నాకున్నది ఇదే" అన్నాడని వాళ్ల పాత చరిత్రల్లో ఉంది. ఆ కాశ్యపుడే తండ్రిని చంపించి, సిగిరియ బండ మీద కోట కట్టుకున్నాడు. సిగిరియ ఒక్కటే చూసి వచ్చేవారికి ఈ సగం కథ తెలియదు.

చిన్నుకు ఏనుగులు కావాలన్నారు. అవి కూడా చెరువులోనే దొరుకుతాయి. మిన్నేరియ చెరువు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎండుతుంది. నీళ్లు వెనక్కి తగ్గినచోట లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లో మేత లేక ఏనుగులన్నీ అక్కడికి చేరతాయి, వందల్లో. అయితే మొరగహకంద జలాశయం నీళ్లు మిన్నేరియకు రావడం మొదలయ్యాక కొన్నేళ్లు గడ్డి తేలడం లేదు. అలాంటప్పుడు మందలు కౌడుల్ల వైపు, హురులు వైపు చీలిపోతాయి. హబరణలో జీపు మాట్లాడుకునేటప్పుడు "ఈ వారం ఏనుగులు ఎక్కడున్నాయి?" అని అడగండి, మిన్నేరియే కావాలని పట్టుబట్టకండి.

సిగిరియ మెట్లు సుమారు 1,200. అమ్మగారు ఎక్కవద్దు. కింద ఉద్యానవనంలో కొలనుల దగ్గర కూర్చోబెట్టండి. అక్కడి పాత ఫౌంటెన్లు పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా వానాకాలంలో చిమ్ముతాయి. అమ్మగారికి అదే పెద్ద వింత.

ఉమ_కాకినాడ | జూన్ 5

చెరువుగట్టు గారూ, మీ టపా అమ్మకు చదివి వినిపించాను. దోసిట నీళ్ల దగ్గర ఆగి, మళ్లీ చదవమంది. బెంటోట తీసేస్తున్నాను.

నడకదారి | జూన్ 6

ఉమక్కా, తీసేస్తున్నారు కాబట్టి ఒక మాట. ఇంత దూరం వెళ్లి ఉత్తరం చూడకుండా రావద్దు. నేను ఒంటరిగా బస్సుల్లో, రైళ్లలో పద్దెనిమిది రోజులు తిరిగాను. ఆ ద్వీపంలో నా మనసు ఉండిపోయింది జాఫ్నాలో.

అనురాధపురం దాటి రైలు ఉత్తరానికి వెళ్తుంటే నేల రంగు మారుతుంది. కొబ్బరి చెట్లు తగ్గిపోయి తాటిచెట్లు వస్తాయి, కనుచూపు మేర తాటిచెట్లే. ఊళ్ల పేర్లు, గుళ్లు, పూలదండలు, పొద్దున్నే వీధిలో వినిపించే నాదస్వరం, అన్నీ తమిళం. మా ఇంట్లో తేగలు కాల్చుకు తింటాం. అక్కడ వాటిని ఎండబెట్టి "ఒడియల్" అంటారు, పిండి కొట్టి గంజిలా కాస్తారు. మన తాటి తాండ్రను వాళ్లు "పనాట్టు" అంటారు. బజారులో తాటాకు బుట్టలో పనాట్టు చూసి నేను తెలుగులోనే "తాండ్ర!" అని అరిచాను. దుకాణంలో ఉన్న పెద్దావిడ నవ్వి ఒక ముక్క చేతిలో పెట్టింది.

నల్లూరు కందస్వామి కోవెలలో ఉత్సవం 25 రోజులు జరుగుతుంది, సాధారణంగా మీరు వెళ్లే రోజుల్లోనే. మగవాళ్లు చొక్కా విప్పి లోపలికి వెళ్లాలి. అంతమంది జనం ఉన్నా ఇసుక నేల మీద కూర్చోవడానికి ఎవరో ఒకరు చోటు ఇస్తారు.

జాఫ్నా గ్రంథాలయం కూడా చూడండి. 1981లో దాన్ని తగలబెట్టారు. 97,000 పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. 2003లో మళ్లీ తెరిచారు. తెల్లని గోడలు, లోపల పిల్లలు తలవంచుకుని చదువుకుంటున్నారు. నేను అక్కడ ఒక గంట ఏమీ చదవకుండా కూర్చున్నాను. యుద్ధం 2009లో ముగిసింది. ఉత్తరాన ఎవరితో మాట్లాడినా ఆ ఇంట్లో ఎవరో ఒకరు లేరు. అడగకండి, వాళ్లే చెబితే వినండి.

జాఫ్నాకు నైరుతిగా కురికట్టువాన్ రేవు నుంచి పడవలో నయినాతీవుకు ఇరవై నిమిషాలు. నాగపూషణి అమ్మవారి గుడి, దానికి కొద్ది దూరంలోనే బౌద్ధుల నాగదీప విహారం. ఒకే పడవలో విభూతి పెట్టుకున్నవారూ తెల్లబట్టల సింహళ కుటుంబాలూ పక్కపక్కనే కూర్చుని వెళ్తారు. మరో గంట దూరంలో నెడుంతీవు. పగడపు రాళ్లు పేర్చిన గోడలు, పోర్చుగీసు, డచ్చి కాలం నుంచి మిగిలిన గుర్రాలు గుంపులుగా తిరిగే బయళ్లు. అక్కడ నీడ ఉండదు, అమ్మను తీసుకెళ్లవద్దు.

కొలంబో_నివాసి | జూన్ 6

నడకదారి గారి మాటల్లో ప్రతి అక్షరం నిజం. కానీ ఉమ గారికి తొమ్మిది రోజులే ఉన్నాయి. జాఫ్నాకు మూడు రోజులు పెట్టలేకపోతే వెళ్లవద్దు. ఒక్క రాత్రికి వెళ్లి గుడి ముందు ఫోటో దిగి రావడం ఆ ఊరికి న్యాయం కాదు.

శాకపాకం | జూన్ 7

అమ్మగారు శాకాహారి అయితే ఈ టపా మీకోసం. శ్రీలంక భోజనం అన్నం, కూరలే, మనకు దగ్గరే. కానీ ఒక చిక్కుంది. కొబ్బరి సంబల్‌లో, కూరల్లో "ఉంబలకడ" అని ఎండబెట్టిన చేపను పొడి చేసి వేస్తారు. చూస్తే తెలియదు. కూరగాయల కూరేనని ఇస్తారు, వాళ్ల దృష్టిలో అది కూరగాయల కూరే. అందుకని మూడు మాటలు నేర్చుకోండి: "మస్ ఎపా, మాలు ఎపా, ఉంబలకడ ఎపా." మాంసం వద్దు, చేప వద్దు, చేపపొడి వద్దు. నవ్వుతూ చెప్పండి, వెంటనే అర్థం చేసుకుంటారు.

ఎక్కువగా చేపపొడి లేకుండా దొరికేవి: ఇడియాప్పం, కొబ్బరిపాలు పోసి వండిన పప్పు ("పరిప్పు" అంటారు), పనసకాయ కూర, కొబ్బరి రొట్టె, కొబ్బరిపాలలో అన్నం వండి పలకలుగా కోసిన "కిరిబత్". ట్రింకోమలీలో, జాఫ్నాలో తమిళుల శాకాహార హోటళ్లు చాలా ఉంటాయి. అక్కడ ఇడ్లీ, దోసె దొరుకుతాయి, అమ్మగారికి బెంగ ఉండదు.

వదులుకోకూడనిది ఒకటుంది. మట్టి చట్టిలో గేదె పెరుగు, దాని మీద "కితుల్" పాకం. కితుల్ అంటే మన మన్యంలోని జీలుగ చెట్టు. మన దగ్గర జీలుగ కల్లు తెలుసు గానీ, ఆ గీత నీటిని కాచి ఇంత కమ్మని పాకం చేయవచ్చని నాకు అక్కడే తెలిసింది. ముదురు గోధుమ రంగు, కొంచెం పొగ వాసన. వెలగపండు రసం కూడా దొరుకుతుంది, "దివుల్" అని అడగండి. వినాయక చవితికి తప్ప మనం తలుచుకోని పండును వాళ్లు ఏడాది పొడవునా తాగుతారు.

పౌర్ణమి రోజు "పోయ", దేశమంతా సెలవు. ఆ రోజు మాంసం, మద్యం అమ్మరు. గుళ్ల దగ్గర బాగా రద్దీ.

ఉమ_కాకినాడ | జూన్ 8

ఇన్ని చెబుతున్నారు, ధన్యవాదాలు. కొండ రైలు మాత్రం మనసులోంచి పోవడం లేదు. తేయాకు తోటల మధ్య నీలం రంగు రైలు ఫోటో చూసినప్పటి నుంచి నాకు అదే కల. ఆగస్టులో కుదరదా?

కొలంబో_నివాసి | జూన్ 8

కుదురుతుంది. కొండల్లోనూ రెండు వైపులున్నాయి. హట్టన్, నువర ఎలియ వైపు ఆగస్టులో మబ్బు, చలి, తుంపర. పట్టిపొల స్టేషను సుమారు 1,890 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ మార్గంలో అన్నిటికన్నా ఎత్తైనది అదే. అది దాటగానే రైలు ఒక సొరంగంలోకి దూరుతుంది. చాలాసార్లు నేను ఇవతల వానలో కిటికీ మూసి, అవతల ఎండలో తెరిచాను. అటువైపు ఊవ ప్రాంతం, బదుల్ల, ఎల్ల. ఆగస్టులో అక్కడ పొడిగాలి వీస్తుంది. ఊవ తేయాకుకు మంచి పేరు తెచ్చేది ఆ గాలే. జూలై నుంచి సెప్టెంబరు మధ్య కోసిన ఆకుకు ఎక్కువ ధర పలుకుతుంది.

క్యాండీ నుంచి ఎల్లకు ఆరేడు గంటలు. రిజర్వు టికెట్లు నెల ముందే అయిపోతాయి. భారీ వానలకు మట్టిపెళ్లలు విరిగిపడితే రైళ్లు ఆపేస్తారు, బయలుదేరే ముందురోజు కనుక్కోండి. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు దిగే పని చిన్నును చేయనివ్వకండి, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఇంకో విన్నపం. ఆ తోటల్లో ఆకు కోసే ఆడవాళ్లను ఫోటో తీసే ముందు అడగండి. వాళ్ల పెద్దలను 1820ల నుంచి తమిళనాడు వైపు నుంచి మొదట కాఫీ తోటలకు తెచ్చారు. ఆకుతెగులు కాఫీని తినేశాక, 1867లో జేమ్స్ టేలర్ లూలెకందెరలో వేసిన తేయాకు కొండలంతా పాకింది. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే వాళ్లలో అత్యధికులకు పౌరసత్వం లేకుండా పోయింది, దాన్ని తిరిగి పొందడానికి దశాబ్దాలు పట్టింది. తోటల పక్కన వరుస ఇళ్లు కనిపిస్తాయి, పది అడుగుల గదులు. ఆ పచ్చదనం ఎవరి చేతుల మీద నిలిచిందో చిన్నుకు చెప్పండి.

మీ తొమ్మిది రోజుల్లో ఎల్లనూ ట్రింకోమలీనీ కలిపితే మాత్రం మళ్లీ పరుగే. ఏదో ఒకటి ఎంచుకోండి.

నర్మద_టీచర్ | జూన్ 9

ఇన్ని ఊళ్ల గురించి మాట్లాడారు గానీ, అనురాధపురం జిల్లాలోనే తెలుగు మాట్లాడే ఊరు ఒకటుందని ఎవరూ చెప్పలేదు. తంబుత్తేగమ దగ్గర కుడాగమ. అక్కడివారిని సింహళంలో "అహికుంటక" అంటారు. పాములాడించడం, కోతులాడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం వారి పాత వృత్తులు. గాడిదల మీద సామాను వేసుకుని ఊరూరా తిరిగేవారు, ఒకచోట వారం మించి ఉండేవారు కాదు. తూర్పున అక్కరైపట్టు దగ్గర అలిగంబెలోనూ ఉన్నారు. ఇంట్లో మాట తెలుగు. ఎన్ని తరాల క్రితమో సముద్రం దాటిన తెలుగు.

నేను భాషా బోధన పనిమీద వెళ్లినప్పుడు అక్కడి బడితో పరిచయమున్నవారు వెంట తీసుకెళ్లారు. ఒక ముసలమ్మ చాప వేసి, మనవరాలిని పిలిచి "నీళ్లు" అంది. అంతే. ఆ ఒక్క మాటకు నా గొంతు పట్టేసింది. తర్వాత ఆమె మాట్లాడినదాంట్లో సగం నాకు అందలేదు, నా తెలుగులో సగం ఆమెకు అందలేదు. కానీ పాము, అమ్మ, నీళ్లు, చేయి, ఇవి ఇద్దరివీ. మనవరాలు మాత్రం సింహళంలోనే బదులిచ్చింది. పిల్లల నోట తెలుగు తగ్గిపోతోంది.

ఇది చదివి ఎవరూ కెమెరా పట్టుకుని అక్కడికి పరుగెత్తవద్దు. వాళ్లు చూడదగ్గ వింత కాదు, మన భాషవాళ్లు. పిలిచేవారు ఉంటేనే వెళ్లండి. నా బాధ ఏమిటంటే, మన విశ్వవిద్యాలయాలు ఆ ముసలమ్మలు ఉండగానే ఆ భాషను పూర్తిగా రికార్డు చేయాలి.

క్యాండీ వెళ్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1739 నుంచి క్యాండీని ఏలినవారు నాయక్కర్లు, మధుర నాయకుల బంధువర్గం, ఇంట్లో తెలుగు ఉన్న కుటుంబాలు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు శైవుడిగా పుట్టి బౌద్ధాన్ని నిలబెట్టాడు, 1753లో సయాం (నేటి థాయిలాండ్) నుంచి భిక్షువులను రప్పించాడు. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ని 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపారు. అక్కడే పోయాడు. ఇటు నుంచి చూస్తే, నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం పేరు ఉంది. ఈ రాకపోకలు పద్దెనిమిది వందల ఏళ్ల నాటివి.

అల_తీరం | జూన్ 9

నర్మద గారి టపా రెండుసార్లు చదివాను. ఉమ గారూ, నేను కూడా మాట మార్చుకుంటున్నాను. దక్షిణం ఈసారి వద్దు, ఫిబ్రవరిలో మరోసారి రండి. అప్పుడు మిరిస్సలో తిమింగలాలు కనిపిస్తాయి, గాలె కోట గోడ మీద సాయంత్రం నడవవచ్చు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ డచ్చి గోడలే కోట లోపలి ఊరిని చాలావరకు కాపాడాయి. అదే ఉదయం ఆ తీరంలోనే పెరలియ దగ్గర అల ఒక రైలును ముంచేసింది, వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. పట్టాల పక్కన స్మారకం ఉంది. నేను వెళ్లినప్పుడు బండి ఆపించి దిగాను. పక్క దుకాణంలోని ఆయన ఏమీ అడగకుండా కుర్చీ వేశాడు.

ఉమ_కాకినాడ | జూన్ 11

నిర్ణయం అయిపోయింది. అనురాధపురం రెండు రాత్రులు, ట్రింకోమలీ రెండు, హబరణ రెండు, క్యాండీ ఒకటి, చివరి రాత్రి విమానాశ్రయం దగ్గర నెగొంబోలో. కొండ రైలు, జాఫ్నా, గాలె ఈసారి లేవు. ఏజెంటు ఈ పట్టిక చూసి "కొలంబో లేకుండా ఎవరైనా వెళ్తారా అమ్మా" అన్నారు. మేం వెళ్తున్నాం.

ఉమ_కాకినాడ | ఆగస్టు 24

వచ్చేశాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను.

అనురాధపురం అమ్మకు సరిగ్గా సరిపోయింది. అంతా చదునైన నేల. శ్రీమహాబోధి దగ్గర తెల్లచీర కట్టుకుని వెళ్లింది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సంఘమిత్త తెచ్చిన కొమ్మ అని చెబితే, చేయి చాచి ముట్టుకోవాలని చూసింది. చెట్టు చుట్టూ బంగారు కంచె ఉంది, దగ్గరకు వెళ్లనివ్వరు. అప్పుడు ఒక సింహళ పెద్దావిడ కింద రాలిన ఒక ఆకును అమ్మ అరచేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పది నిమిషాలు పక్కపక్కనే కూర్చున్నారు. ఒక సూచన: మధ్యాహ్నం రాతి నేల కాలిపోతుంది, చెప్పులు విప్పాలి. సాక్సులు వేసుకోవచ్చు, తప్పకుండా తీసుకెళ్లండి.

ఒక ఇబ్బంది కూడా రాయాలి. వ్యాను డ్రైవరు రెండోరోజు మాకు చెప్పకుండా ఒక సుగంధ ద్రవ్యాల తోటకు, తర్వాత రత్నాల దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడ కొంటే అతనికి వాటా. రెండు గంటలు పోయాయి. కోపం వచ్చింది. మూడోరోజు ఉదయమే నిలబడి "మేము చెప్పిన చోటుకే" అని గట్టిగా చెప్పాను. ఆ తర్వాత సరిగ్గా ఉన్నాడు. బయలుదేరిన రోజే చెప్పి ఉంటే ఆ పూట మిగిలేది.

ట్రింకోమలీ. ఫ్రెడరిక్ కోట గుమ్మం దాటి లోపలికి వెళ్తుంటే చుక్కల జింకలు రోడ్డు మీదే పడుకుని ఉన్నాయి. కొంతవరకు ఆటో వెళ్లింది, పైకి అమ్మ నెమ్మదిగా నడిచింది. శాంకరీదేవి గుడి ఉన్న కోణేశ్వరం కొండ అంచున సముద్రం నిలువునా కింద ఉంది, తొంగి చూస్తే కళ్లు తిరుగుతాయి. పోర్చుగీసువాళ్లు 1620ల్లో పాత గుడిని కూల్చి, ఆ రాళ్లతోనే కోట కట్టారని మాకు దారి చూపిన ఆయన చెప్పారు. కొండ అంచున ఒక చెట్టుకు చిన్న చిన్న చెక్క ఉయ్యాలలు కట్టి ఉన్నాయి, పిల్లలు కావాలని మొక్కుకున్నవి. గాలికి అన్నీ ఒకేసారి ఊగుతున్నాయి.

అమ్మ కాకినాడ నుంచి పసుపు, కుంకుమ, ఎర్ర గాజులు తెచ్చింది. అమ్మవారి ముందు నిలబడి శ్లోకం మొదలుపెట్టింది. రోజూ గబగబా చదివే శ్లోకం, ఆ మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. కాసేపు నోరు తెరవలేదు. పూజారి గారు తమిళులు, అమ్మ ఆపినచోటు నుంచి ఆయనే అందుకున్నారు. పద్దెనిమిది పేర్లూ ఇద్దరూ కలిసి చదివారు. నేను వీడియో తీయలేదు, తీయాలని తోచలేదు.

మర్నాడు కన్నియ వేడినీళ్ల బావులు, ఏడు, ఒక్కో దానిలో ఒక్కో వేడి. నీలావెలిలో చిన్నును నీళ్లలోంచి బయటికి రప్పించడానికి గంట పట్టింది. కొలంబో గారూ, మీరన్నట్టే చెరువు.

ఏనుగులు: హబరణలో చెరువుగట్టు గారు చెప్పిన ప్రశ్నే అడిగాం. "ఈ వారం కౌడుల్ల" అన్నారు. జీపు ఆపి ఇంజను కట్టేశాక చప్పుడు ఒక్కటే, గడ్డి తెంపుతున్న చప్పుడు. ఒక తల్లి ఏనుగు ముందుకాలి గోళ్లతో గడ్డి కుదురును తన్ని వదులు చేసింది, తొండంతో పీకింది, మట్టి పోయేదాకా మోకాలికేసి నాలుగుసార్లు దులిపింది, అప్పుడు నోట్లో పెట్టుకుంది. పిల్ల ఏనుగు అదంతా చూసి, తన్ని, పీకి, దులపకుండా మట్టితోనే తినేసింది. చిన్ను ఊపిరి బిగబట్టి చూశాడు. కొన్ని జీపులు మందకు మరీ దగ్గరగా వెళ్తున్నాయి. మా జీపు ఆయనను దూరంగానే ఉండమన్నాం, ఆయన సంతోషించారు.

సిగిరియ ఉదయం ఏడుకే ఎక్కాం, నేనూ చిన్నూ. అద్దం గోడ మీద వెయ్యేళ్లకు పైబడిన గీతలు, మనలాగే చూడవచ్చినవాళ్లు రాసుకున్న పద్యాలట. అమ్మ కింద కొలను గట్టున కూర్చుంది. ఫౌంటెన్లు చిమ్మలేదు, వాన లేదు కదా. పాస్‌పోర్టు చూపిస్తే సార్క్ దేశాల వారికి టికెట్టు తగ్గుతుంది, అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి.

పైన చిన్ను చేసిన పని చెరువుగట్టు గారికి. వాడు కోట శిథిలాలు చూడలేదు. అంచు దగ్గర నిలబడి చెరువులు లెక్కపెట్టాడు. ఏడు కనిపించాయట. "ఏది పై చెరువు, ఏది కింది చెరువు, నీళ్లు ఎటు నుంచి ఎటు వెళ్తాయి?" అని నన్ను అడిగాడు. నాకు తెలియలేదు. మీరు చెబుతారా?

నడకదారి | ఆగస్టు 24

ఉమక్కా, అమ్మగారు ఆగిన చోట పూజారి గారు అందుకున్నారన్నది చదివి ఫోను పక్కన పెట్టేశాను. జాఫ్నాకు ఎప్పుడు వెళ్తారో చెప్పండి, నేనూ వస్తాను.

చెరువుగట్టు | ఆగస్టు 25

చిన్నూ, ఇది నీకే. కంప్యూటర్‌లో ఉపగ్రహ పటం తెరిచి సిగిరియ దగ్గరకు వెళ్లు. ప్రతి చెరువుకూ ఒక అంచు గీత గీసినట్టు నున్నగా ఉంటుంది, మిగతా అంచులు వేళ్లు చాచినట్టు చీలికలుగా ఉంటాయి. నున్నని గీత కట్ట. మనుషులు కట్టింది అదొక్కటే. కట్ట ఎప్పుడూ పల్లం వైపు ఉంటుంది. కాబట్టి చీలికల వైపు నుంచి నీళ్లు వచ్చి, కట్ట కింద నుంచి పోతాయి. కట్ట దాటాక పచ్చని పట్టీ కనిపిస్తుంది, అది పొలం. ఆ పట్టీ వెంట కిందికి వెళ్తే తర్వాతి చెరువు తగులుతుంది. ఒక్కొక్క కట్టకూ ఒక బాణం గుర్తు వేసుకుంటూ వెళ్లు.

ఉమ_కాకినాడ | ఆగస్టు 25

బడి నుంచి వచ్చినప్పటి నుంచి అదే పని మీద ఉన్నాడు. ఏడు కాదట, అప్పుడే పదకొండు దాటాయి. అన్నం తినడానికి రమ్మంటే, ఇంకా అలుగు దొరకలేదు, ఆగమంటున్నాడు.